జడ ముందుకేసుకున్న ఆవిడ

పోయిన నెల ఒక మధ్యాహ్నం సింగపూరు నుంచి ఇనెస్ ఫోను చేసింది. వాళ్ళాయన సెల్వం అంకుల్ పోయారని చెప్పింది. నిద్రలోనే పోయారట. పొద్దున్న కాఫీకి లేపబోతే లేవలేదట. ఏడవలేదు ఇనెస్. ఆవిడ ఏడుపు ఎప్పుడూ గొంతులో కాదు, మాటల మధ్య ఖాళీల్లో వినిపిస్తుంది. ఆ ఖాళీలు వింటూ చాలాసేపు కూర్చున్నాను. పెట్టేసేముందు, "పద్మా, ఇంక నువ్వు మా నాన్న సంగతి రాయొచ్చు" అంది. "వద్దనేదానివి నువ్వేగా, ఇన్నాళ్ళూ?" అన్నాను. "అవును. ఇప్పుడు రాయమనేదాన్ని కూడా నేనే" అంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇన్ని పుస్తకాలు రాశాను, మా అమ్మ పెట్టిన చారు దగ్గర్నుంచి నా ఆపరేషను దాకా అన్నీ రాసుకున్నాను, సింగపూరు బిషాన్‌లో ఆ ఆరో అంతస్తు ఫ్లాటు గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. రాయకపోవడానికి ఇనెస్ వద్దనడం ఒక్కటే కారణం కాదు. నాకు భయం కూడా.

అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఏడాదిని రెండంకెల్లోనే రాసుకున్నాయనీ, శతాబ్దం మారగానే వాటికి మతిపోతుందనీ అందరూ బెంగపెట్టుకున్న కాలం. ఆ బెంగే మా తరానికి అన్నం పెట్టింది. కాకినాడలో చదువైపోయి, హైదరాబాదులో ఆర్నెల్లు ఏదో కోర్సు చేసి, సింగపూరు విమానం ఎక్కేశాను. ఆఫీసులో మా పని తెల్లవారకముందే మొదలయ్యేది. మామూలు జనం కంప్యూటర్ల ముందు కూర్చునేసరికి మా పరీక్షలు ముగించాలి. అందుకని మధ్యాహ్నం మూడింటికల్లా వదిలేసేవారు. ఆ ఎండలో ట్రైను దిగి ఇంటికి నడుస్తుంటే ఊరంతా పనిలో ఉండి నేనొక్కదాన్నే బడి ఎగ్గొట్టినట్టు ఉండేది. బిషాన్‌లో గది నాకు మా యూనివర్సిటీ స్నేహితురాలు చూసిపెట్టింది. "ఇంటాయన తమిళాయన, ఇక్కడే పుట్టాడు. ఆవిడ మాత్రం స్పానిషు మనిషి. ఒక ముసలాయన ఉంటాడు. గొడవలేని ఇల్లు" అంది. గొడవలేని ఇల్లే. ఆ మాటలో తప్పులేదు.

సెల్వం అంకుల్ సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే చోట ఇంజనీరు. సాయంత్రం ఆయన తలుపు తీసుకుని రాగానే ఇల్లంతా తుప్పు వాసన, గ్రీజు వాసన. ఆయన స్నానం చేసి విభూతి పెట్టుకునేదాకా ఆ వాసన హాల్లోనే కూర్చునేది. ఒకప్పుడు ఓడల మీద తిరిగే రోజుల్లో బార్సిలోనా రేవులో ఒక షిప్పింగు ఆఫీసుకి వెళ్తే అక్కడ ఇనెస్ కాగితాల మీద స్టాంపులు వేస్తూ కనిపించిందట. రెండేళ్ళు ఉత్తరాలు రాసుకుని పెళ్ళి చేసుకున్నారు. ఇనెస్‌ని నేను మొదట్లో ఆంటీ అనేదాన్ని. "పేరుంది కదా నాకు" అని నవ్వేది. స్కూల్లో స్పానిష్ చెప్పేది. పొద్దున్నే ఆవిడ వంటింట్లో అల్లంవెల్లుల్లి వేగిస్తూ స్పానిషులో పాడుకునేది, అంకుల్ తమిళంలో పేపరు చదివేవారు, నేను మనసులో తెలుగులో అనుకునేదాన్ని. ముగ్గురం కలిసేది ఇంగ్లీషులోనే. ఇక్కడ రాసే మాటలన్నీ ఆ ఇంగ్లీషుకి నా తెలుగు.

ముసలాయన ఇనెస్ వాళ్ళ నాన్న. పేరు ఆన్సెల్మో. ఇంగ్లీషు ఆయనకీ వచ్చు. డెబ్భై తొమ్మిదేళ్ళు. కళ్ళల్లో నీటికాసులొచ్చి చూపు పూర్తిగా పోయింది. అయినా రోజూ గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని, నిమ్మ వాసన కొట్టే సెంటు రాసుకుని హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. సరిగ్గా అయిదింటికి టీ, రొట్టెముక్క, ఉప్పేసి మెదిపిన అవకాడో. అయిదు దాటి రెండు నిమిషాలైతే కర్ర నేలకేసి కొట్టేవారు. ఆయన ఎవరో నేను చేరిన మూడు వారాలదాకా నాకు తెలీదు. సెల్వం అంకుల్ మామగారిని పాపా అనేవారు, మాట చివర సింగపూరు అలవాటుగా 'లా' అనేవారు. ఒక రోజు వంటింట్లో గిన్నెలు తుడుస్తూ మామూలుగా అన్నారు: "పాపా పెద్ద డైరెక్టరు లా. వాళ్ళ దేశాల్లో చాలా ఫేమస్. ఇక్కడ ఎవరికి తెలుసు? కింద కాఫీ షాపులో ఆయన్ని కోటు అంకుల్ అంటారు."

ఆయన పుట్టింది చిలీలో, కొండలమీద కట్టిన ఒక రేవు పట్నంలో. కొండెక్కడానికి అక్కడ తాళ్ళతో లాగే పెట్టెబళ్ళుంటాయట. వాళ్ళ నాన్న అలాంటి ఒక బండికి డ్రైవరు. రోజంతా పైకీ కిందకీ వెళ్ళే ఆ పెట్టె కిటికీలోంచి చూస్తూ పెరగడం వల్లే తనకి సినిమా అబ్బిందని ఆయన చెప్పేవారు. స్టూడియోలో లైట్లు మోయడంతో మొదలుపెట్టారు. మొదటి సినిమా, ఓడలకి దారి చూపే ఒక దీపస్తంభం కాపలా కాసే ఆడమనిషి కథ. దానికి బహుమతులొచ్చాయి. తర్వాత మూడు. ఆ తర్వాత అక్కడ సైన్యం గద్దెనెక్కింది. స్నేహితులు కొందరు మాయమైపోతుంటే, భార్యనీ చిన్నపిల్ల ఇనెస్‌నీ తీసుకుని మాడ్రిడ్ పారిపోయారు. అక్కడ మళ్ళీ మొదలుపెట్టి ఇంకో నాలుగు తీశారు. మొత్తం ఎనిమిది. ఎనిమిదోది ఎవరికీ నచ్చలేదు. దాంతో ఆపేశారు. మిగతా ఏడింటి మీదా పుస్తకాలు రాశారనీ, ఆయన సినిమాల్లో మాటల్ని అక్కడి జనం ఇళ్ళల్లో వాడుకుంటారనీ ఇనెస్ చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో గర్వం లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

ఆ ఏడాది మాడ్రిడ్ నుంచి ఉత్తరం వచ్చింది. పాత సినిమాలు భద్రపరిచే ఒక సంస్థవాళ్ళు ఆయన సినిమాలన్నీ బాగుచేయించి మళ్ళీ విడుదల చేస్తారట. ముందుగా ఒక మనిషి కెమెరాతో సింగపూరు వచ్చి ఆయనతో మాట్లాడి రికార్డు చేసుకుంటుందట. ముసలాయనకి కంగారు పట్టుకుంది. ఏళ్ళ తరబడి తన సినిమాలు తాను చూడలేదు. ఇప్పుడు చూద్దామన్నా చూడలేరు. ఇంట్లో వీడియో క్యాసెట్లున్నాయి. ఎవరైనా పక్కన కూర్చుని తెరమీద ఏముందో చెప్తే అన్నీ గుర్తు తెచ్చుకోవచ్చు. ఇనెస్ చెయ్యనంది. ఎందుకని నేనడగలేదు. "ఆ అమ్మాయి మూడున్నరకి వచ్చేస్తుందిగా, ఆమెని అడుగు" అన్నారాయన. "నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదండీ" అన్నాను. "అందుకే నువ్వు కావాలి. భాష వచ్చినవాళ్ళు వింటూ కూర్చుంటారు. నువ్వయితే చూస్తావు" అన్నారు.

మొదటిరోజే చీవాట్లు తిన్నాను. "సముద్రం చాలా అందంగా ఉంది అంకుల్" అన్నాను. కర్ర టక్కున కొట్టారు. "అందంగా ఉందో లేదో నేను తేల్చుకుంటాను. ఏముందో చెప్పు." అప్పట్నుంచి నేర్చుకున్నాను. ఎడమపక్క పడవ, దానిమీద తడి తాడు, తాడు మీద కాకి. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపేవారు. ఆ తర్వాత ఆ కాకిని రప్పించడానికి పడ్డ పాట్లు చెప్పేవారు. తన ఫ్రేములో ఉన్న ప్రతి ముఖాన్నీ తానే ఏరుకున్నానని ఆయనకి గొప్ప. వెనక నడిచిపోయే మనిషి కూడా పేరుతో సహా గుర్తు. నేను "పీపా మీద కూర్చున్న లావాటి మనిషి" అంటే, "వాడు పెద్రో, నిజంగానే రొట్టెలమ్మేవాడు" అనేవారు.

రెండో క్యాసెట్టు చేపల బజారు కథ. ఆ మధ్యాహ్నం వాన. ఆరో అంతస్తు కారిడార్లో గాలి ఈల వేస్తోంది. కిటికీలు మూసేసరికి హాలంతా బూడిదరంగైపోయింది. బజారులో ఇద్దరు ఆడవాళ్ళు తగువులాడుకుంటున్నారు. నేను వరసగా చెప్తున్నాను: బల్లమీద చేపలు, కత్తి, బకెట్టు, వెనక గోడ, గోడ వారగా ఒకావిడ, సన్నగా పొడుగ్గా ఉంది, జడ ఎడమ భుజం మీంచి ముందుకేసుకుంది, చేతిలో ఏవో కాగితాలు. ఆయన తల ఊపడం ఆగిపోయింది. "ఎవరూ లేరక్కడ" అన్నారు. "ఉంది అంకుల్. గోడకి ఆనుకుని నిలబడింది." "ఆ గోడ దగ్గర నేనెవర్నీ పెట్టలేదు." నాకు అనుమానం వచ్చింది. టీవీ అద్దంలో మా హాలు కూడా మసగ్గా కనిపిస్తుంది. నా వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. వంటింటి గుమ్మం ఖాళీగా ఉంది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. గీతలు గీతలుగా వణికి బొమ్మ నిలబడింది. ఆవిడ అక్కడే ఉంది.

ఆయన తర్వాతది పెట్టమన్నారు. మొదటిదాంట్లో నేనే గమనించలేదేమో. మూడో క్యాసెట్టులో పెళ్ళి భోజనాల దగ్గర చివరి బల్ల పక్కన కనిపించింది. నాలుగోదాంట్లో ట్రామ్ వెనక కిటికీలో ఒక్క క్షణం. ప్రతిచోటా అంచున, వెనక, పక్కకి తిరిగి. కెమెరా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అదే జడ, అదే భుజం. రాత్రి పడుకుంటే కళ్ళముందు గోడలు కనపడేవి, ప్రతి గోడ పక్కనా ఆవిడ నిలబడేది. ఆదివారం లిటిల్ ఇండియాకి గోంగూర కోసం వెళ్ళినప్పుడు టెలిఫోను బూత్‌లోంచి అమ్మకి చేసి చెప్పాను. "ఏవిటే ఆ చావు కబుర్లు? ఆ ఇంట్లోంచి వచ్చెయ్యి ముందు. ఉండు, మన వీధి చివర ఆచారిగారిచేత తాయెత్తు కట్టించి పంపుతాను" అంది. "సినిమాలో మనిషమ్మా, ఇంట్లో కాదు" అన్నాను. "ఇల్లయితే ఏం, సినిమా అయితే ఏం. చెప్పని చోట నిలబడితే అది మంచి మనిషి కాదు" అంది అమ్మ. సెల్వం అంకుల్‌తో కూడా అన్నాను. ఆయన తాపీగా, "ఈ బిషాన్ మొత్తం ఒకప్పుడు చైనా వాళ్ళ శ్మశానమే కదా. మా చిన్నప్పుడు ఇటు వచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు చూడు, అందరం అద్దె కట్టి ఉంటున్నాం" అని నవ్వి, ఉల్లిపాయలు తరగడంలో పడ్డారు.

అయిదో క్యాసెట్టు దగ్గర ఆయన టేపు ఆపించారు. "జడకి చివర ఏముంది?" "రిబ్బను కాదు. దారంలా ఉంది. మామూలు పురికొస." ఆయన టేపు మళ్ళీ పెట్టనివ్వలేదు. ఇనెస్ స్కూలు నుంచి రాగానే స్పానిషులో ఏదో అడిగారు. ఆవిడ సంచి కింద పెట్టకుండానే జవాబు చెప్పింది. గొంతులు పెరిగాయి. ఆ ఇంట్లో గొంతులు పెరగడం వినడం అదే మొదటిసారి. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. కాసేపటికి ఇనెస్ తలుపు కొట్టి, వంటింట్లోకి పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టింది.

"మా అమ్మ, అమాలియా" అంది. "కాగితాలు కట్టగా కట్టే పురికొసే జడకీ కట్టుకునేది."

ఆ సాయంత్రం అంతా ఒక్క దమ్మున చెప్పింది. ఏడు సినిమాలూ రాసింది వాళ్ళమ్మే. ఆయన పొద్దున్న బయటికి వెళ్తూ ఒక వాక్యం చెప్పేవారు. దీపస్తంభంలో ఒక ఆడది, అనో, చేపలమ్మే ఇద్దరు తోటికోడళ్ళు, అనో. సాయంత్రానికి వంటింటి బల్లమీద పేజీలుండేవి. ఇనెస్ టైపు మిషను చప్పుడు వింటూ నిద్రపోయేది, అదే వింటూ లేచేది. టైటిల్సులో 'రచన, దర్శకత్వం' అని ఆయన పేరే. అమ్మ టైపిస్టు అని ఇంటికొచ్చినవాళ్ళకి చెప్పేవారు. అమ్మ కాఫీ తెచ్చిపెట్టి లోపలికి వెళ్ళిపోయేది. రోజూ ఆ రోజు పేజీలు పట్టుకుని షూటింగుకి తనే వెళ్ళేది. వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం వెళ్ళి జనంలో నిలబడేది. డైరెక్టరుగారి భార్య కదా అని ఎవరూ ఏమీ అనలేదు. "నా పేరు రాయరు కదా, నన్నే పెట్టుకుంటున్నాను, అని నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. నేను చెప్పలేదు. నాన్న కనిపెడతాడేమో అని ప్రతి సినిమాకీ ఎదురుచూసేది. ఏడు సినిమాలు. రోజుకి పది గంటలు కూర్చుని ఎడిట్ చేసిన మనిషి, ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన కళ్ళు ఎప్పుడూ హీరోయిను మీద ఉండేవి" అంది. ఇనెస్‌కి పంతొమ్మిదేళ్ళప్పుడు మాడ్రిడ్‌లో జబ్బుచేసి అమాలియా చనిపోయింది.

నా వెన్నులోంచి బరువు దిగినట్టైంది. దెయ్యం కాదు, ఒక ఇల్లాలు. కానీ ఆ తర్వాత రోజుల్లో భయం ఇంకో రకంగా వచ్చి కూర్చుంది. ఆయన సినిమాలు గుర్తు తెచ్చుకోవడం మానేశారు. ఆవిడ కోసం వెతకడం మొదలుపెట్టారు. "ఉందా?" "ఇంకా లేదు." "ఇప్పుడు?" "ఇప్పుడొచ్చింది. కుడిపక్క." "ముఖం ఎలా ఉంది?" "తెలియట్లేదు, పక్కకి తిరిగి ఉంది." "తిరుగుతుందేమో చూడు." అలా సాయంత్రాలు. అయిదింటి టీకి రెండు కప్పులు పెట్టమనేవారు. రెండో కప్పు చల్లారి మీగడ కట్టాక ఇనెస్ తీసుకెళ్ళి సింకులో పారబోసేది. నేను గోంగూర పచ్చడి చేస్తే రుచి చూసి, "అమాలియాకి పులుపంటే ప్రాణం" అని రెండో కప్పు వైపు ముఖం తిప్పారు. నేను అటు చూడకుండా అన్నం తిన్నాను.

అది చైనా వాళ్ళ ఏడో నెల. చచ్చిపోయినవాళ్ళు తిరిగొస్తారని అందరి నమ్మకం. కింద డ్రమ్ముల్లో కాగితాలు తగలబెడితే బూడిద ఆరో అంతస్తు దాకా లేచి మా కిటికీ ఊచలకి అంటుకునేది. బ్లాకు కింద మైదానంలో స్టేజీ కట్టి పాటలు పెడతారు. మొదటి వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు, వచ్చినవాళ్ళ కోసం. సెల్వం అంకుల్ ఈ సంగతి చెప్తే ముసలాయన తనని తీసుకెళ్ళమన్నారు. అయిదు గంటల ఎండలో, ఇంకా మైకులు సర్దుతుండగానే, నేనూ అంకుల్ చెరో చెయ్యీ పట్టుకుని తీసుకెళ్ళి రెండో వరసలో కూర్చోబెట్టాం. ఆయన చెయ్యి చాపి ముందు కుర్చీ వీపు తడిమారు. "ఇక్కడ ఎవరు కూర్చున్నారు?" అన్నారు. "అలా అడక్కూడదు లా, పాపా" అన్నారు సెల్వం అంకుల్, ఆయన గొంతులో మొదటిసారి నవ్వు లేకుండా. ముసలాయన ఆ కుర్చీ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "నలభై ఏళ్ళు నేనే ఆమె ముందు కూర్చున్నాను. ఒకసారి వెనక కూర్చోనీ" అన్నారు.

ఆ తర్వాత పది రోజులకి మాడ్రిడ్ నుంచి రికార్డు చేసుకునే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, చాలా మర్యాద. హాల్లో దీపాలు పెట్టి, కెమెరా పెట్టి, మా ఫ్యాను చప్పుడు చేస్తోందని ఆపించింది. ఆయన నీలం కోటు వేసుకున్నారు. నాకేమీ అర్థం కాకపోయినా సోఫా చివర కూర్చున్నాను, నేనుంటే తనకి ధైర్యమని ఆయనే ఉండమన్నారు. ఇనెస్ వంటింట్లో టీ కలుపుతోంది. మొదట చాలాసేపు ఆ రేవు, ఆ పెట్టెబండి, సైన్యం. అవన్నీ చేతుల్ని బట్టి తెలిసేవి నాకు. తర్వాత ఆవిడ ఏదో చిన్న ప్రశ్న అడిగింది. ఆయన కర్ర పట్టు మార్చుకున్నారు. చెమట కణతల మీదుగా కాలరులోకి జారుతోంది. కెమెరా గిర్రుమంటున్న సన్నని శబ్దం తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు ఆయన నోట అమాలియా అన్న మాట వచ్చింది. తర్వాత మళ్ళీ. తర్వాత ఆగకుండా. మాడ్రిడ్ ఆవిడ రాసుకుంటున్న కలం ఆపేసింది. వంటింటి గుమ్మంలో ఇనెస్ ట్రే పట్టుకుని నిలబడింది, ట్రేలో కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ఆయన ఆ చప్పుడు వైపు ముఖం తిప్పి, కెమెరాని వదిలేసి, కూతురితో మాట్లాడారు. తర్వాత ఇనెస్ నాకు చెప్పింది ఆ మాట: "నేను చెప్పింది ఒక్క వాక్యం. మీ అమ్మ రాసింది తొంభై పేజీలు. అందరికీ తెలియాలి. నీకు ముందే తెలుసు."

ఆ రాత్రి ఇనెస్ తండ్రికి తన చేత్తో అన్నం తినిపించింది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో అది మొదటిసారి. ఇల్లు తేలికపడింది. రెండో కప్పు ఆయనే వద్దన్నారు. అంతటితో ముగిసిపోయి ఉంటే ఈ జ్ఞాపకం ఎప్పుడో రాసేసి ఉందును.

వారం తర్వాత ఆదివారం మధ్యాహ్నం, వాన ముసురుకుంటుండగా, ఆయన ఎనిమిదో క్యాసెట్టు పెట్టమన్నారు. "ఇది అమాలియా పోయిన మూడేళ్ళకి తీశాను. నేనే రాశాను, ప్రతి మాటా. అందరికీ నచ్చనిది ఇదొక్కటే" అని నవ్వారు. "చివర్లో వాడు మాట్లాడే మాటలు మాత్రం బాగుంటాయి. అవి ఎలా వచ్చాయో నాకే తెలీదు, ఒక పొద్దున్న లేచేసరికి తలలో ఉన్నాయి." ఆ రోజు ఇనెస్ కూడా వచ్చి మా వెనక సోఫాలో కూర్చుంది, బఠానీలు ఒలుచుకుంటూ. గంటన్నర చూశాను. వీధులు చూశాను, గోడలు చూశాను, కిటికీలు చూశాను. ఎక్కడా లేదు. "లేదు అంకుల్" అని ప్రతి సీనుకీ చెప్తున్నాను. ఆయన ముఖం విప్పారుతోంది. చివరి సీను వచ్చింది. ఒక పాత లాడ్జి భోజనాల గది. ఒక ముసలి నటుడు బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఎదర ఎవరూ లేకుండానే మాట్లాడుతున్నాడు. అతని వెనక అద్దాల తలుపు.

తలుపు అవతల ఒకావిడ ఉంది. మొదట ఇనెస్ నీడ టీవీ అద్దంలో పడిందనుకున్నాను. ఇనెస్ కదలకుండా కూర్చుంది. తెరమీద ఆవిడ పెదవులు కదులుతున్నాయి. జడ లేదు. జుట్టు చెవుల పైకి కత్తిరించి ఉంది, బుగ్గలు లోతుకుపోయాయి. ఆవిడ పక్కకి తిరిగి లేదు. తిన్నగా ఇటే చూస్తోంది. నటుడు మాట్లాడుతున్నాడు, ఆవిడ కూడా మాట్లాడుతోంది. భాష రాకపోయినా పెదవులు తెలుస్తాయి. అవే మాటలు. కాకపోతే ఆవిడ పెదవులు ముందు కదిలేవి, ఆ తర్వాత అతని నోట మాట వచ్చేది. ప్రతి మాటా అంతే. ముందు ఆవిడ, తర్వాత అతను. నా వెనక బఠానీ కాయ పగిలే చప్పుడు ఆగిపోయింది.

"చివరి సీనేనా?" అన్నారాయన. "అవును." "ఎవరైనా ఉన్నారా?"

నేను వెనక్కి తిరిగాను. ఇనెస్ ముఖం సున్నంలా ఉంది. కళ్ళు తెరమీదే ఉన్నాయి. తర్వాత నా వైపు తిప్పింది. తల అడ్డంగా ఊపలేదు. ఊరికే చూసింది.

"ఎవరూ లేరు అంకుల్. అద్దాల తలుపు, అంతే."

"బాగా చూశావా?"

"చూశాను."

"ఇనెస్?"

"ఎవరూ లేరు నాన్నా" అంది ఇనెస్.

ఆయన పొడుగ్గా ఊపిరి వదిలారు. "అయితే ఇదొక్కటీ నాదే" అన్నారు. కర్ర పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. అంత నిశ్చింతగా ఉన్న ముసలి మనిషిని అంతకుముందు నేను చూడలేదు. లేచి వెళ్ళి టేపు ఆపాను. ఆపేటప్పుడు తెర వైపు చూడకుండా చేత్తో తడిమి ఆపాను.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున్న టిఫిను తింటూ ఆయన వెళ్ళిపోయారు. దహనం అయ్యాక సెల్వం అంకుల్ కాగితాల పనిమీద ఉంటే, నేనూ ఇనెస్ దగ్గర్లో ఉన్న హాకర్ సెంటర్లో రెండు టీలు పెట్టుకుని కూర్చున్నాం. చుట్టూ జనం పళ్ళాలు పట్టుకుని బల్లలు వెతుక్కుంటున్నారు. ఇనెస్ అంది: "జబ్బులో అమ్మ జుట్టు నేనే కత్తిరించాను. ఆసుపత్రిలో. ఆ జుట్టుతో అమ్మకి ఒక్క ఫోటో కూడా లేదు." నేను కప్పు కింద పెట్టాను. "ఆయన నిశ్చింతగా పోయారుగా" అన్నాను. ఆ వయసుకి నాకు తెలిసిన ఓదార్పు అదే. ఇనెస్ తల ఊపింది. "పోయాడు. కానీ పద్మా, ఆయన అమ్మకి ఏడుసార్లు చేసిన పనే మనిద్దరం ఎనిమిదోసారి చేశాం" అంది. తర్వాత ఇద్దరం ఆ చివరి సీను సంగతి మళ్ళీ ఎత్తలేదు, పోయిన నెల ఫోనులో కూడా.

అప్పుడు నాకది చాలా సులువుగా అనిపించింది. చూపులేని ముసలి మనిషి, చివరి రోజులు, ఒక చిన్న అబద్ధం. ఇప్పుడు నా పేరు అట్టమీద వేసిన పుస్తకాలు అలమరలో వరసగా ఉన్నాయి. ఒక పుస్తకంలో నా పేరు చిన్న అక్షరాల్లో పడిందని ప్రచురణకర్తతో నెల్లాళ్ళు మాట్లాడని దాన్ని. ఇప్పుడాలోచిస్తే, ఆవిడ అంతదూరం వచ్చి, మొదటిసారి ముఖం తిప్పి, తిన్నగా చూస్తూ అడిగింది ఏమిటో నాకు తెలుస్తోంది. అప్పట్లో ఒక సినిమా చూడాలంటే క్యాసెట్టు, మిషను, వాన మధ్యాహ్నం, పక్కన ఒక మనిషి కావాలి. ఇప్పుడు ఆ ఎనిమిదీ ఫోనులోనే దొరుకుతాయి. మాడ్రిడ్ వాళ్ళు చాలా శ్రద్ధగా బాగుచేశారు. కుర్రవాళ్ళు జడ వేసుకున్న ఆవిడని ఏడు సినిమాల్లోనూ కనిపెట్టి, బాణం గుర్తులు పెట్టి ఒకళ్ళకొకళ్ళు పంపుకుంటున్నారు. చివరి సినిమా ఆఖరి సీను నేను మళ్ళీ చూడలేదు. ఆ సినిమా మొదట్లో వచ్చే టైటిల్సు దాకా మాత్రం ఒకసారి చూసి ఆపేశాను. ఏడు సినిమాలకీ రచన అమాలియా అని ఆవిడ పేరు విడిగా, ఆయన పేరుకన్నా ముందు వస్తుంది. ఎనిమిదోదాంట్లో ఇప్పటికీ ఒక్క పేరే ఉంది.